తూటు

కరపత్రంల పద్నాలుగు సూచనలు.
ఎక్కడో ఏసీ గదిల కూసొని రాసినయి.
"పాదసంరక్షణ పట్ల అప్రమత్తత వహించవలెను"
అని నేను చదువుతుంటే
ఓదెలు తలూపిండు.
మూడు నెలలు, మూడుసార్లు వచ్చి
మూడుసార్లూ తలూపిండు.
సమజైందా అంటే
"అయ్యో, కాకేంది సిస్టరమ్మా" అన్నడు.
నేను రిజిస్టర్ల రాసిన:
అవగాహన కల్పించడమైనది.
పక్కన ఎర్రసిరా టిక్కు.

ఏనుమాముల యార్డుకు మిర్చి పోటెత్తిన రోజులు.
మా బస్తీ దవఖాన కిటికీలు మూసినా
ఘాటు లోపలికొచ్చి
పేషెంట్ల కన్న ముందే బల్ల మీద కూసుంటది.
బీపీ చూసుకుంట నేను తుమ్ముతుంటే
హమాలీలకు అదొక తమాష.

ఆ పొద్దు ఓదెలు వేలికి సూది గుచ్చుతున్న.
గొప్పగ చెప్పవట్టిండు:
"ఒగప్పుడు కాళ్ల పగుళ్లల్ల తేజ కారం పడితె
రాత్రంత బకెట్ల కాళ్లు పెట్టుకొని ఏడ్సేటోన్ని.
ఇప్పుడు మంటనే తెల్వది.
ముప్పై ఏండ్లు మోసిన గద,
కాళ్లు గట్టివడ్డయి."

స్ట్రిప్పు మీది నెత్తుటి బొట్టు
నా చేతిలనే ఎండిపోయింది.

చెప్పు ఇడువుమన్న.
కుడికాలు బొటనవేలి కింద
రూపాయి బిళ్లంత నలుపు.
నడుమ ఒక మిరపగింజ,
దుక్కిల పడ్డట్టు
నిమ్మళంగ.

నొప్పిని తగ్గించుడు నాకు నేర్పిండ్రు.
నొప్పి లేదని మురిసేటోనికి
భయం ఎట్ల నేర్పాల్నో
మూడేండ్ల చదువుల
ఒక్క పేజీ లేదు.

ఇంతల ఆయన పాలితిన్ కవరు తీసిండు.
ఆధార్, రేషన్ కార్డు, హమాలీ సంఘం కార్డు,
నడుమ నా కరపత్రాలు మూడు,
మడత నలగకుంట.
"నువ్విచ్చినయి పారేస్తనా సిస్టరమ్మా!"
ఒక్క అక్షరం పోలే.
ఒక్క అక్షరం ముట్టుకోలే.

కరపత్రం పక్కకు పెట్టిన.
"సంచి ఎత్తే ముందుగాల ఏం జేస్తవే ఓదెలన్నా?"

గిదేం అడుగుడన్నట్టు చూసి
చేతులతోటి గాలిల సంచి పట్టిండు.
"ముందు అడుగు తడుముత.
తూటు ఉంటె ఎత్త.
ఎత్తితె తొవ్వల కారుతది, దడవాయి నన్నే తిడ్తడు.
ఎలుగు సాలకుంటె సెల్లు లైటేస్కొని చూస్త."

"తూటు వడ్డప్పుడు సంచికి నొస్తదా?"

"సంచికేం నొస్తది!" అని నవ్విండు.
నవ్వు సగంల ఆగింది.
తన కాలును
ఎవలిదో చూసినట్టు చూసుకున్నడు.

నేనేం మాట్లాడలే.
బయట ఒక ట్రాలీ ఆటో
హారన్ కొట్టుకుంట పోయింది.

ఎంజీఎంకు రాసి పంపితె
వేలొకటి అక్కడ ఇడిసిపెట్టి వచ్చిండు.
మూడు నెలల కింద
సంచి ముచ్చట అడిగి ఉంటే?
రిజిస్టర్ తెరిసినప్పుడల్ల
ఆ మూడు టిక్కులు
మూడు ఎర్రమిరపకాయల లెక్క
కండ్లల్ల పడ్తయి.

ఎండలు ముదిరినంక,
బీపీ లిస్టు రాసుకుందామని యార్డుకు పోయిన.
చాయ్ బండి ఎనుక, చపాట కుప్పల నీడల
బువ్వ తిన్న హమాలీలు గుంపుగ ఉన్నరు.
నడుమ ఓదెలు.
రాజవీరు కాలు తన ఒళ్లె పెట్టుకొని
పెండ్లాం బొట్టద్దం కింద పట్టి
అడుగు తిప్పి చూస్తున్నడు,
వేళ్ల సందులు, మడిమె పగుళ్లు,
కుట్టు కుట్టు తడిమినట్టు.

"ఇప్పుడు నేను చెప్పింది నువ్వు చెప్పు.
తలూపకు.
తలూపుడు నాకెర్కే."

రాజవీరు నసిగిండు, తప్పు చెప్పిండు.
మల్ల చెప్పిచ్చిండు.
ఎవడో ఎనుక నుంచి "ఫీజెంత సారూ?" అంటె
లేని వేలి జాగ చూపెట్టి
"నేను కట్టిన. మీకు ఫ్రీ" అన్నడు.
అందరు నవ్విండ్రు. ఒకడు నవ్వలే,
వంగి తన చెప్పు ఇడిసిండు.

బ్యాగుల కొత్త కరపత్రాల కట్ట
దారం కూడ ఇప్పలే.
ఉదయం నుంచి నిలవడ్డ కాళ్లు గుంజుతున్నయి.
గుంజుతున్నయంటే బాగనే ఉన్నయన్నట్టు.

అయినా
బూట్లు ఇడిసి
లైన్ల
ఆఖరున నిలవడ్డ.